మందు ఆపితే మొండితనం పోతుందా?

కోడిమాంసం, గుడ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "కోళ్లకు యాంటీబయోటిక్స్ ఇస్తారట కదా, ఆ మాంసం తింటే మనకు మందులు పనిచేయకుండా పోతాయా?" ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు భయాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది మాంసంలోనో గుడ్డులోనో మిగిలిపోయే మందు అవశేషం గురించిన భయం. రెండవది ఆ మందుకు అలవాటుపడి, దానికి లొంగకుండా బతకడం నేర్చిన బ్యాక్టీరియా గురించిన భయం. అవశేషం ఒక రసాయనం. అది తనంతట తాను పెరగదు, రోజులు గడిచేకొద్దీ కోడి ఒంట్లోంచి తగ్గిపోతుంది. అందుకే మందు ఆపిన తర్వాత ఇన్ని రోజులు గడిచాకే కోతకు పంపాలన్న నిబంధన ఉంటుంది. బ్యాక్టీరియా అలాంటిది కాదు. అది ప్రాణి కాబట్టి పెరుగుతుంది, ఒకచోటి నుంచి మరొకచోటికి పోతుంది, తన లక్షణాన్ని సంతానానికీ పొరుగు బ్యాక్టీరియాకూ అందిస్తుంది. అవశేషాల పరీక్షలో ఏమీ కనబడని మాంసం మీద కూడా మందుకు లొంగని బ్యాక్టీరియా నిక్షేపంగా ఉండవచ్చు. నేను ఇక్కడ రాయదలచుకున్నది ఈ రెండవదాని గురించే. అందులోనూ ప్రధానంగా ఒక్క ప్రశ్న గురించి: మందు వాడకం ఆపేస్తే ఈ మొండితనం పోతుందా?

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చేరిన కొత్తలో కోడి పేగుల నుంచి వేరుచేసిన క్యాంపిలోబ్యాక్టర్‌ను, అంటే మనుషులకు విరేచనాలు తెచ్చే ఒక బ్యాక్టీరియాను, పరీక్షించే పని నాకు అప్పగించారు. పద్ధతి పాతదే. అగర్ పళ్లెం (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పోసిన పళ్లెం) మీద బ్యాక్టీరియాను సమంగా పూసి, మందు పట్టించిన చిన్న చిన్న కాగితపు బిళ్లలను దానిమీద పెట్టి, తక్కువ ఆక్సిజన్ ఉండే జాడీలో, 42 డిగ్రీల వేడిలో ఉంచుతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ జాగా ఏర్పడుతుంది. దాని వెడల్పును స్కేలుతో కొలుస్తాం. ఆ రోజు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ బిళ్ల చుట్టూ ఖాళీయే లేదు. బ్యాక్టీరియా బిళ్ల అంచును తాకేదాకా పెరిగి ఉంది. బిళ్లలు పాడైపోయాయనుకుని కొత్త సీసా విప్పి మళ్లీ చేశాను. పోలిక కోసం పక్కన పెట్టిన, మందుకు లొంగే రకం ఉన్న పళ్లెంలో బిళ్ల చుట్టూ మాత్రం రెండుసార్లూ చక్కటి వలయం వచ్చింది. అప్పటికి గాని తప్పు బిళ్లది కాదని నేను ఒప్పుకోలేదు.

క్యాంపిలోబ్యాక్టర్ అంత తేలికగా ఎలా లొంగకుండా పోతుందో తెలిస్తే ఆ పళ్లెం ఆశ్చర్యం కలిగించదు. సిప్రోఫ్లోక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినోలోన్ మందులు, బ్యాక్టీరియా తన డీఎన్ఏ మెలికలను సరిచేసుకోవడానికి వాడుకునే జైరేజ్ అనే ఎంజైమును పట్టుకుంటాయి. ఈ.కొలై, సాల్మొనెల్లా వంటి వాటిలో ఆ మందులకు రెండో లక్ష్యం కూడా ఉంటుంది కాబట్టి వాటిలో నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, సాధారణంగా ఒక్కొక్క మెట్టుగా పెరుగుతుంది. క్యాంపిలోబ్యాక్టర్‌లో ఆ రెండో లక్ష్యం లేదు. జైరేజ్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి, ఆ ప్రోటీన్‌లో 86వ స్థానంలోని త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఐసోల్యూసిన్ వచ్చి చేరితే చాలు, మందు ఒక్క దెబ్బలో నిరుపయోగమవుతుంది. కోట్ల సంఖ్యలో విభజన చెందే జీవిలో అలాంటి ఒక్క పొరపాటు ఎక్కడో ఒకచోట జరిగే తీరుతుంది. మందు చేసేదల్లా ఆ పొరపాటు జరగని వాటన్నిటినీ చంపి, జరిగినదానికి పేగునంతా అప్పగించడమే.

దీనికి కోళ్ల షెడ్డులో వైద్యం చేసే తీరు కూడా తోడవుతుంది. వేల కోళ్లున్న షెడ్డులో జబ్బుపడిన పది కోళ్లను వేరుచేసి ఇంజెక్షన్ ఇవ్వడం ఎవరివల్లా కాదు, కాబట్టి తాగే నీటిలో మందు కలిపి మొత్తం మందకు పట్టిస్తారు. జబ్బుపడిన కోడి నీళ్లు తక్కువ తాగుతుంది. అంటే మందు ఎవరికి ఎక్కువ కావాలో వాటికే తక్కువ అందుతుంది, అవసరం లేని వేల పేగుల్లోకి మాత్రం పూర్తిగా వెళుతుంది. ఆ పేగుల్లో క్యాంపిలోబ్యాక్టర్ కోడికి ఏ హానీ చేయకుండా హాయిగా కాపురం ఉంటుంది. 42 డిగ్రీలకు దగ్గరగా ఉండే కోడి ఒంటి వేడి దానికి సరిగ్గా సరిపోతుంది. కోళ్లకు వాడే, అదే తరగతికి చెందిన ఎన్రోఫ్లోక్సాసిన్ కోడి ఒంట్లో కొంత మేరకు సిప్రోఫ్లోక్సాసిన్‌గానే మారుతుంది. కాబట్టి "పశువుల మందు వేరు, మనుషుల మందు వేరు" అన్న వాదనకు ఇక్కడ అర్థం లేదు.

నెదర్లాండ్స్‌లో 1987లో కోళ్లకు ఎన్రోఫ్లోక్సాసిన్ వాడకం మొదలైంది. 1982 నుంచి 1989 వరకు సేకరించిన నమూనాలను అక్కడి పరిశోధకులు పోల్చి చూస్తే, క్వినోలోన్లకు లొంగని క్యాంపిలోబ్యాక్టర్ కోడిమాంసంలో 0 నుంచి 14 శాతానికి, మనుషుల్లో 0 నుంచి 11 శాతానికి పెరిగింది. అమెరికాలో ఇదే తరగతి మందులను 1995, 1996లలో కోళ్లకు అనుమతించారు. మనుషుల్లో నిరోధకత పెరుగుతున్నదని గమనించిన ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆ అనుమతిని రద్దు చేయాలని 2000లో ప్రతిపాదించింది. ఒక ఉత్పత్తిదారు ఒప్పుకుని తప్పుకున్నారు, మరొకరు ఒప్పుకోలేదు; ఆ వ్యాజ్యం తేలి నిషేధం అమల్లోకి వచ్చేసరికి 2005 సెప్టెంబర్ అయింది. అయిదేళ్లు. బ్యాక్టీరియా తరాల లెక్కలో అది ఎంత కాలమో చెప్పనవసరం లేదు.

నిషేధం తర్వాత ఏమైంది? నిరోధకత తగ్గుతుందని అందరూ ఆశించారు, ఎందుకంటే పాఠ్యపుస్తకాలు చెప్పే లెక్క ప్రకారం నిరోధకత ఒక బరువు. మందు ఉన్నంతకాలం ఆ బరువు మోయడం లాభం. మందు లేనప్పుడు మోసేవాడు వెనకబడాలి, మోయనివాడు ముందుకు పోవాలి. క్యాంపిలోబ్యాక్టర్ ఈ లెక్కను తలకిందులు చేసింది. 2005లోనే ప్రచురితమైన ఒక ప్రయోగంలో, మందుకు లొంగే క్యాంపిలోబ్యాక్టర్‌నూ లొంగనిదాన్నీ కలిపి కోళ్లకు ఇచ్చి, ఆ తర్వాత ఏ మందూ వాడకుండా చూశారు. చాలా సందర్భాల్లో లొంగనిదే గెలిచింది. ఆ ఒక్క అక్షరం మార్పు దానికి బరువు కాకపోగా, కోడి పేగులో కొంత ఊతం కూడా ఇచ్చినట్లుంది. ఆ ఫలితం చదివిన రోజున నాకు కలిగిన నిరుత్సాహం ఇప్పటికీ గుర్తుంది. నిషేధం తప్పని నేను అనడం లేదు. అది ఇంకా ముందే రావలసింది, అసలు ఆ అనుమతే ఇవ్వకుండా ఉండవలసింది.

ఇక దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ కెనడాలోని క్యుబెక్‌ది. అక్కడి హేచరీలలో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రాల్లో, పిల్ల బయటికి రాకముందే, గుడ్డులో ఉండగానే, టీకాతోపాటు సెఫ్టియోఫర్ అనే మందును సూదితో ఎక్కించేవారు. జబ్బు ఉన్నందుకు కాదు, రాకుండా ఉండేందుకు. సెఫ్టియోఫర్ సెఫలోస్పోరిన్ అనే యాంటీబయోటిక్ తరగతిలో మూడవ తరానిది. సాల్మొనెల్లా రక్తంలోకి పాకిన పిల్లలకు డాక్టర్లు ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్‌కు అది తోబుట్టువు. 2004లో అక్కడ దుకాణాల్లోని కోడిమాంసంలో దొరికిన సాల్మొనెల్లా హైడల్‌బర్గ్ అనే రకంలో 62 శాతం, మనుషుల్లో దొరికినదానిలో 36 శాతం ఆ మందుకు లొంగనివి. 2005 ఫిబ్రవరిలో హేచరీలు తమంతట తామే ఆ వాడకాన్ని ఆపాయి. 2006 నాటికి ఆ అంకెలు 7, 8 శాతాలకు పడిపోయాయి. రెండేళ్ల లోపు, ఒకే ఒక్క అలవాటు మానినందుకు. ఆ తర్వాత 2007లో కొన్ని హేచరీలు మళ్లీ మొదలుపెట్టాయి, నిరోధకత కూడా మళ్లీ పైకి లేచింది. ఎవరైనా కావాలని ప్రయోగం చేసినా ఇంతకంటే స్పష్టంగా వచ్చేది కాదు. చివరికి 2014లో కెనడా కోళ్ల పరిశ్రమ, మనుషుల వైద్యానికి అత్యంత ముఖ్యమైన తరగతి మందులను ముందుజాగ్రత్త పేరుతో వాడటం మానుకుంది.

ఒకచోట పోయి మరొకచోట పోకపోవడానికి కారణం నిరోధకత ఎక్కడ ఉందన్నదానిలో కొంత దొరుకుతుంది. క్యాంపిలోబ్యాక్టర్‌లో అది సొంత క్రోమోజోములో జరిగిన మార్పు. ఇంటి గోడలో కలిసిపోయిన ఇటుక వంటిది. హైడల్‌బర్గ్‌లో అది చాలావరకు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ వలయం మీద ఉండే జన్యువు. అద్దెకు తెచ్చుకున్న సామాను వంటిది. సామానును దింపేయవచ్చు. అయితే పొరుగువారికి ఇవ్వనూ వచ్చు, పైగా ఒకే మూటలో అయిదారు మందులకు నిరోధకత కలిసి ఉండవచ్చు. అలాంటప్పుడు టెట్రాసైక్లిన్ ఒక్కటి వాడుతూ ఉంటే చాలు, దానితో ఏ సంబంధమూ లేని సెఫలోస్పోరిన్ నిరోధకత కూడా ఆ మూటలో పదిలంగా ఉండిపోతుంది. అందుకే "ఆ ఒక్క మందు ఆపేశాం కదా" అన్న మాట విన్నప్పుడు, మిగతావి ఏమి వాడుతున్నారని అడగాలి. కోళ్లలో వ్యాపించిన సాల్మొనెల్లా ఇన్ఫాంటిస్ రకాలు కొన్ని ఇలాంటి ఒక పెద్ద ప్లాస్మిడ్‌ను మోసుకు తిరుగుతూ ఒక ఖండం నుంచి మరొక ఖండానికి చేరడం ఈ మధ్యకాలపు ఆందోళనల్లో ముఖ్యమైనది.

మూట పొరుగువారికి చేరుతుందన్నది ఊహ కాదని 1976లోనే అమెరికా పరిశోధకుడు స్టూవర్ట్ లెవీ చూపించారు. ఒక చిన్న ఫారంలో కొన్ని కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టి, కోళ్ల రెట్టనూ ఫారం మీద నివసించే మనుషుల మలాన్నీ క్రమం తప్పకుండా పరీక్షించారు. వారం తిరగకుండానే ఆ కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా దాదాపు మొత్తం టెట్రాసైక్లిన్‌కు లొంగనిదైంది. అయిదారు నెలలకు, ఏ మందూ మింగని ఆ ఫారం మనుషుల నమూనాల్లో 31.3 శాతం వాటిలో, ఉన్న బ్యాక్టీరియాలో నూటికి ఎనభైకి పైగా మందుకు లొంగనివే. ఇరుగుపొరుగువారి నమూనాల్లో అలాంటివి 6.8 శాతమే. గమనించవలసింది ఏమిటంటే, వాళ్లు జబ్బు పడలేదు. జబ్బు పడేదాకా ఎవరికీ తెలియని మార్పు ఇది.

దాణాలో మందు కలిపే అలవాటు పుట్టిన కథ కూడా విచిత్రమైనది. 1940ల చివర్లో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే పరిశోధకులు కోడిపిల్లలకు బీ12 విటమిన్ చౌకగా అందించే దారి వెతుకుతూ, క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారీలో మిగిలిపోయిన పిప్పిని పెట్టి చూశారు. పిల్లలు విటమిన్ లెక్కకు మించి పెరిగాయి. పెంచింది పిప్పిలో మిగిలిన యాంటీబయోటిక్ అని తేలింది. జబ్బును నయం చేయడానికి సరిపోని మోతాదు, రోజూ, జీవితాంతం: నిరోధకతను పెంచాలని ఎవరైనా పథకం వేస్తే సరిగ్గా ఇలాగే వేస్తారు. స్వీడన్ ఎదుగుదల కోసం వాడే మందులను 1986లో, యూరోపియన్ యూనియన్ మొత్తంగా 2006 జనవరి 1న ఆపాయి.

గుడ్ల విషయం మాంసం విషయం వంటిది కాదు. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు. మాంసంమీది బ్యాక్టీరియా ఎక్కువగా కోత సమయంలో పేగుల నుంచి అంటుకున్నది. గుడ్డు పెంకుమీదికి కూడా రెట్ట ద్వారానే వస్తుంది. కానీ సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే రకం కోడి అండాశయంలోనూ అండవాహికలోనూ చోటు చేసుకుని, పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపలికి చేరుతుంది. కోడి చూడటానికి ఆరోగ్యంగా ఉంటుంది, గుడ్డు శుభ్రంగా పగులు లేకుండా ఉంటుంది. 1980లలో అనేక దేశాల్లో గుడ్ల వల్ల వచ్చిన సాల్మొనెల్లా వ్యాధులకు ఇదే మూలం. అయితే అలాంటి గుడ్లు అరుదు. అమెరికాలో 1990లలో వేసిన అంచనా 20,000 గుడ్లకు ఒకటి. పైగా తెల్లసొన బ్యాక్టీరియాకు అనుకూలమైన చోటు కాదు. అందులోని ఓవోట్రాన్స్‌ఫెరిన్ ఇనుమును గట్టిగా పట్టేసుకుని బ్యాక్టీరియాను పస్తు పెడుతుంది. క్షారగుణం రోజురోజుకూ పెరుగుతుంది. కానీ గుడ్డు వెచ్చటి చోట ఎక్కువ రోజులు ఉంటే పచ్చసొన చుట్టూ ఉన్న పలచటి పొర బలహీనపడి, బ్యాక్టీరియాకు ఆహారం దొరుకుతుంది. ఫ్రిజ్‌లో 7 డిగ్రీల లోపు ఉంచమనడం అందుకే.

గుడ్ల కోళ్లకు మందులు తక్కువగా వాడటానికి కారణం వినియోగదారుల ఆరోగ్యం మీద ప్రత్యేకమైన ప్రేమ కాదు. ఏడాదికి పైగా దాదాపు రోజూ గుడ్డు పెట్టే కోడికి ఇచ్చిన మందు గుడ్డులోకి దిగే వీలుంది కాబట్టి చాలా మందులకు అనుమతి లేదు, వాడితే గుడ్లు పారేయవలసి వస్తుంది. దాని ఫలితంగా ఎంటెరిటిడిస్ మాంసపు కోళ్ల సాల్మొనెల్లా రకాలతో పోలిస్తే మొత్తంమీద మందులకు ఎక్కువగా లొంగుతూనే వచ్చింది. దాన్ని అదుపు చేసిన తీరు కూడా మందులతో సంబంధం లేనిదే. బ్రిటన్‌లో 1988 చివర గుడ్లలో సాల్మొనెల్లా గురించి చేసిన వ్యాఖ్య వల్ల ఒక మంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ గొడవ చల్లారిన తర్వాత నిజంగా పని చేసింది గుడ్ల కోళ్లకు వేసిన టీకా. 1997 తర్వాత మనుషుల్లో కేసులు వేగంగా పడిపోయాయి. 2017 నాటికి, ఆ టీకా పథకం ముద్ర ఉన్న గుడ్లను గర్భిణులు, పసివాళ్లు, వృద్ధులు సగం ఉడికినా తినవచ్చని అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ సలహా మార్చింది. అంతకుముందే, 1973లో ఫిన్లాండ్‌లో నుర్మి, రంతాల అనే పరిశోధకులు మరో దారి చూపారు. పెద్ద కోడి పేగులోని బ్యాక్టీరియాను అప్పుడే పుట్టిన పిల్లలకు తాగిస్తే, ఖాళీగా ఉన్న పేగును మంచి బ్యాక్టీరియా ముందే ఆక్రమించి సాల్మొనెల్లాకు చోటు లేకుండా చేస్తుంది. తల్లి రెక్కల కింద పెరిగే పిల్లకు సహజంగా అందేదాన్ని హేచరీ యంత్రం దూరం చేసింది. వాళ్లు దాన్ని తిరిగి ఇచ్చారు. మందు ఆపమని చెప్పేవాళ్లు ఈ ప్రత్యామ్నాయాల సంగతి కూడా చెప్పకపోతే, మందతో బతికే రైతు ఆ మాట వినడు, వినాలని ఆశించడం న్యాయమూ కాదు.

కొలిస్టిన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టిన ఈ పాత మందు, మిగతావన్నీ విఫలమైనప్పుడు ఐసీయూలో చివరి ఆసరాగా తిరిగి వచ్చింది. అదే సమయంలో దాణాలో టన్నుల కొద్దీ కలుస్తూనే ఉంది. ప్లాస్మిడ్ మీద ప్రయాణించే ఎంసీఆర్-1 అనే కొలిస్టిన్ నిరోధక జన్యువును పందుల్లో, కోడిమాంసంలో, రోగుల్లో కనుగొన్నట్లు చైనా పరిశోధకులు 2015 నవంబర్‌లో ప్రకటించారు. ఎదుగుదల కోసం కొలిస్టిన్ వాడకాన్ని చైనా 2017లో ఆపింది, కోళ్ల ఈ.కొలైలో కొలిస్టిన్ నిరోధకత 18.1 నుంచి 5 శాతానికి తగ్గింది. భారత ప్రభుత్వం 2019 జులైలో ఆహార జంతువులకు ఆ మందును నిషేధించింది. ఇది క్యుబెక్ దారిలో నడిచిన కథ.

తినేవారి సంగతికి వస్తే, మందుకు లొంగని బ్యాక్టీరియా వేడికి కూడా లొంగదనుకోవడం పొరపాటు. మాంసం లోపలి భాగం 74 డిగ్రీలకు చేరితే రెండూ ఒకేలా చస్తాయి. ప్రమాదం ఎక్కువగా వండకముందు జరిగే పనిలో ఉంది: పచ్చిమాంసాన్ని కుళాయి కింద కడిగినప్పుడు చిందే తుంపరలో, అదే కత్తితో కోసిన పచ్చి కూరగాయలో. క్యాంపిలోబ్యాక్టర్‌కు కొన్ని వందల కణాలు చాలు. విరేచనాలు మొదలైనా చాలామందికి యాంటీబయోటిక్ అవసరమే ఉండదు. నీరూ లవణాలూ భర్తీ చేస్తే కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. నిరోధకత బాధించేది ఆ మిగిలిన కొద్దిమందినే, అంటే పసిపిల్లలను, వృద్ధులను, రోగనిరోధక శక్తి తగ్గినవారిని, బ్యాక్టీరియా రక్తంలోకి పాకినవారిని. అమెరికాలో 2013, 2014లలో కోడిమాంసం ద్వారా వ్యాపించిన, పలు మందులకు లొంగని సాల్మొనెల్లా హైడల్‌బర్గ్ 634 మందిని జబ్బు పరిచినట్లు నమోదైంది, వారిలో 38 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు. మామూలు సాల్మొనెల్లా వ్యాప్తిలో కనిపించే దానికంటే అది బాగా ఎక్కువ.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇంకొక కొస మిగిలింది. ఫ్లోరోక్వినోలోన్లను ఆహార జంతువులకు ఎన్నడూ అనుమతించని దేశం ఆస్ట్రేలియా. అక్కడి కోళ్లలోని క్యాంపిలోబ్యాక్టర్ దశాబ్దాలపాటు ఈ మందులకు లొంగుతూ ఉండటాన్ని మిగతా దేశాలకు ఉదాహరణగా చూపేవాళ్లం, నేనూ చూపాను. 2020లో ప్రచురితమైన పరిశీలన ఒకటి, ఆ కోళ్లలో కూడా లొంగని రకాలు చేరాయని తెలిపింది. కోళ్లకు మందు ఇవ్వలేదు కాబట్టి అవి అక్కడ పుట్టినవి కావు. బయటి నుంచి, బహుశా మనుషుల ద్వారానో అడవి పక్షుల ద్వారానో, షెడ్డులోకి వచ్చి ఉండాలని పరిశోధకులు భావించారు. ఇన్నాళ్లూ కోడి నుంచి మనిషికి ఒకే దిక్కుగా బాణం గుర్తు గీస్తూ వచ్చిన నా పాఠం బొమ్మలో, ఆ తర్వాత రెండో వైపు కూడా ఒక బాణం గీయవలసి వచ్చింది.